రూటర్ తాళం ఇంటివాళ్ల చేతికివ్వాలి

సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలంలోని ఎర్రవల్లి పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో కేసీఆర్ ఈ ఊరిని, పక్కనున్న నర్సన్నపేటను దత్తత తీసుకున్నారు. 2016 డిసెంబరు 23న ఇక్కడ డబుల్ బెడ్‌రూం ఇళ్ల గృహప్రవేశాలు ఒకేసారి జరిగాయి. అదే ఏడాది ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధాని మోదీ మిషన్ భగీరథను ప్రారంభించారు. ఆ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఇంటర్నెట్ ఫైబర్‌కు కూడా గొట్టాలు పరిచి, రెండు పనులూ ఒక్క తవ్వకంతో పూర్తి చేయాలన్న ఆలోచనే తర్వాత టీ-ఫైబర్ అయింది. తవ్వకం ఖర్చే ఎక్కువగా ఉండే పనిలో ఇది తెలివైన నిర్ణయం, అందులో నాకు సందేహం లేదు. సర్కారు గట్టిగా అనుకుంటే ఇల్లయినా, నీళ్లయినా, ఇంటర్నెట్ తీగయినా పల్లె గడప దాకా తేగలదని ఈ ప్రాంతం చూపింది. నా ఫిర్యాదు గడప లోపలి సంగతి మీద. తీగ ఏ కంపెనీదైనా సరే, ఇంట్లోకి వచ్చాక దాని కొసన కూర్చునే రూటర్‌ను ఎవరు సెట్ చేస్తారు, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ను దానికి ఎలా తగిలించాలో ఎవరు నేర్పుతారు అన్న ప్రశ్నలకు మన పథకాల్లో ఎక్కడా స్పష్టమైన జవాబు లేదు. కనెక్షన్ ఇవ్వడమంటే ఆ తాళాన్ని ఇంటివాళ్ల చేతికి, వాళ్లకు అర్థమయ్యే తెలుగులో అప్పగించడం కూడా అని నేను వాదిస్తున్నాను. అది జరగనంత కాలం పూర్తయిన కనెక్షన్ల లెక్కలో ఆ ఇంటిని చేర్చకూడదు.

ఇప్పుడు కొత్త కనెక్షన్ ఎలా ఇస్తున్నారో చూద్దాం. టెక్నీషియన్ వస్తాడు. స్తంభం నుంచి సన్నటి నల్ల కేబుల్ లాగి, కిటికీ పక్కన రంధ్రం చేసి లోపలికి తెస్తాడు. అది దగ్గరగా ఉన్న ప్లగ్గు పాయింటు దగ్గరే ఒక తెల్ల పెట్టెను గోడకు బిగిస్తాడు. వైఫైకి ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ పెడతాడు. ఆ పాస్‌వర్డ్ చాలాసార్లు ఇంటాయన ఫోన్ నంబరో, పేరు పక్కన 123 చేర్చిన మాటో అయి ఉంటుంది. ఒక ఫోన్‌లో వీడియో ఆడించి చూపించి, సంతకం తీసుకుని వెళ్లిపోతాడు. అతన్ని తప్పు పట్టను, రోజుకు ఇన్ని ఇళ్లు పూర్తి చేయాలన్న ఒత్తిడి అతని మీద ఉంది. కానీ అతను చెప్పకుండా వెళ్లిన సంగతి ఒకటుంది. ఆ పెట్టెకు రెండు పాస్‌వర్డ్‌లుంటాయి. మొదటిది వైఫైలో చేరడానికి, అది ఇంటిల్లిపాదికీ తెలుసు, పక్కింటివాళ్లకూ తెలుసు. రెండోది పెట్టె లోపలి సెట్టింగ్‌లు తెరవడానికి, దాన్ని అడ్మిన్ పాస్‌వర్డ్ అంటారు. ఎవరు చేరారో చూడాలన్నా, వైఫై పాస్‌వర్డ్ మార్చాలన్నా, పిల్లల ఫోన్‌కు రాత్రి పదింటికి నెట్ ఆపాలన్నా ఈ రెండోదే కావాలి. ఇల్లు కట్టించి ఇచ్చి, గదుల తలుపులు తీసి చూపించి, వీధి తలుపు తాళంచెవి మాత్రం మేస్త్రీ జేబులో పెట్టుకుపోతే ఎవరూ ఊరుకోరు. రూటర్ విషయంలో అదే జరుగుతోంది. అలా జరుగుతోందని కూడా ఇంటివాళ్లకు తెలియదు.

తెలియకపోతే వచ్చే నష్టమేమిటో మన దేశమే ఒకసారి చూసింది. 2017 జులైలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌ల మీద ఒక మాల్‌వేర్ దాడి జరిగింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మార్చకుండా అలాగే వదిలేసిన మోడెమ్‌లే దానికి దొరికాయి. ఎన్నో ఇళ్లలో నెట్ ఆగిపోయాక ఆ సంస్థ వినియోగదారులందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. మార్చుకోవడానికి ఒక పాస్‌వర్డ్ ఉందన్న సంగతే చాలామందికి ఆ ప్రకటనతోనే తెలిసి ఉంటుంది. దానికి ముందు ఏడాది 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇదే దారిలో ప్రపంచమంతా పాకింది. అరవై చిల్లర పేరు-పాస్‌వర్డ్ జతల జాబితా ఒకటి పట్టుకుని, కెమెరాల తలుపులూ రూటర్ల తలుపులూ ఒక్కొక్కటిగా తట్టడమే అది చేసిన పని. తెరుచుకున్న పరికరాలన్నిటినీ సైన్యంలా కూడగట్టి ఆ ఏడాది అక్టోబరు 21న అమెరికాలోని డైన్ అనే సంస్థ మీదికి వదిలితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ పరికరాల యజమానులకు తమ ఇంటి పెట్టె ఈ పనిలో ఉందన్న అనుమానం కూడా రాలేదు, ఎందుకంటే వాళ్ల నెట్ మామూలుగానే నడుస్తోంది. 2018లో బ్రెజిల్‌లో బయటపడ్డది ఇంకా భయపెట్టే మోసం. లక్షకు పైగా రూటర్లలో చొరబడి, ఏ వెబ్‌సైటు ఏ చిరునామాలో ఉందో చెప్పే డీఎన్‌ఎస్ సెట్టింగ్‌ను మార్చేశారు. ఇంటాయన తన బ్యాంకు పేరే టైపు చేస్తాడు, తెర మీద పేరు అదే కనిపిస్తుంది, కానీ తెరుచుకున్నది దొంగ పేజీ. ఇప్పుడు బ్యాంకు సైట్లకు తాళం గుర్తున్న భద్రత వచ్చాక ఈ మోసం కొంత కష్టమైంది, పూర్తిగా పోలేదు. ఇలాంటి దొంగలకు ఎర్రవల్లి ఎందుకు, హైదరాబాద్ ఉండగా అని అనుకోవడానికి లేదు. ఈ దాడులు మనిషి ఎంచి చేసేవి కావు. నెట్‌లో ఉన్న ప్రతి చిరునామానూ యంత్రం వరుసగా తడుతూ పోతుంది, మహానగరమో మారుమూల పల్లెనో దానికి పట్టదు.

ఇక రెండో రకం నష్టం చట్టంతో ముడిపడింది. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస బాంబు పేలుళ్లకు కొన్ని నిమిషాల ముందు టీవీ ఛానళ్లకు ఒక ఈ-మెయిల్ వచ్చింది. దాని జాడ పట్టుకుని పోలీసులు నవీ ముంబైలోని ఒక ఫ్లాటుకు చేరారు. అక్కడ ఉంటున్న అమెరికా దేశస్థుడికి ఆ మెయిల్‌తో సంబంధం లేదు. సరైన రక్షణ లేని అతని వైఫైని మరెవరో వాడుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్లప్పుడు వచ్చిన మెయిల్ కూడా ముంబైలోని ఒక సంస్థ వైఫై నుంచి అలాగే బయటికొచ్చింది. ఇంటర్నెట్‌లో ఒక నేరం జరిగితే దర్యాప్తు మొదట చేరేది ఆ సమయంలో ఆ చిరునామా ఏ కనెక్షన్‌కు ఇచ్చి ఉందో ఆ చందాదారు దగ్గరికే. కనెక్షన్ ఎవరి ఆధార్ మీద ఉందో వాళ్లే మొదటి జవాబుదారు. పల్లెలో ఆ పేరు సాధారణంగా ఇంటి పెద్దది. ఆయనకు రూటర్‌లో ఎవరెవరు చేరారో చూసే దారి తెలియదు, చూసే తాళం చేతిలో లేదు. బాధ్యత మొత్తం ఒకరి మీద పెట్టి, అధికారం ఇంకొకరి దగ్గర ఉంచే ఏర్పాటు ఏ న్యాయానికీ నిలవదు. సైబర్ నేరాలకు 1930 నంబరు పెట్టారు, తెలంగాణకు ప్రత్యేకంగా సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది. డబ్బు పోయాక ఎక్కడికి పరుగెత్తాలో చెప్పడం మంచిదే. కనెక్షన్ ఇచ్చిన రోజే అరగంట కేటాయిస్తే ఆ పరుగుల్లో కొన్నయినా తప్పుతాయి.

ఆ అరగంటలో ఏం చేయాలి? డబుల్ బెడ్‌రూం పథకం ఇల్లే తీసుకుందాం. 560 చదరపు అడుగులు, అంటే దాదాపు 52 చదరపు మీటర్లు. రెండు పడకగదులు, ఒక హాలు, వంటిల్లు. ఇంత ఇంటికి ఒక్క రూటర్ ధారాళంగా సరిపోతుంది, దాన్ని సరైన చోట పెడితే. సరైన చోటంటే ఇంటి నడిమధ్యకు దగ్గరగా, హాల్లో, మనిషి తల ఎత్తులో, చుట్టూ ఖాళీ ఉన్న జాగా. మనవాళ్లు పెట్టే చోటు మాత్రం కేబుల్ లోపలికొచ్చిన కిటికీ మూల, లేదా టీవీ వెనక, లేదా ఇనుప బీరువా పైన. ఇనుము వైఫై తరంగాలను అడ్డుకుంటుంది, సిమెంటు గోడ సగం మింగేస్తుంది, నీళ్ల డ్రమ్ము కూడా తక్కువేం కాదు. టెక్నీషియన్ ఇంకో నాలుగు మీటర్ల కేబుల్ వాడితే పోయే సమస్యకు, ఆ తర్వాత ఇంటివాళ్లు నెట్ స్లోగా ఉందని ఏళ్ల తరబడి తిట్టుకుంటారు, కొందరు ఇంకా ఖరీదైన ప్యాకేజీకి మారతారు కూడా. అలాగే ఇప్పటి రూటర్లు రెండు రకాల సిగ్నళ్లు ఇస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది కానీ వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ రెండు గోడలు దాటితే నీరసపడుతుంది. హాల్లో చదువుకునే పిల్లకు రెండోది, వెనక గదిలో ముసలాయన ఫోన్‌కు మొదటిది. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు.

కంప్యూటర్ దగ్గరికి వస్తే ఇంకో సంగతి తెలియాలి. పల్లె ఇళ్లకు చేరే డెస్క్‌టాప్‌లు ఎక్కువగా పాతవి, పట్నంలో ఆఫీసులు వదిలించుకున్నవి. వాటిలో చాలావాటికి వైఫై అందుకునే పరికరమే ఉండదు. అది చూసి కంప్యూటర్‌కు నెట్ రాదని మూలన పెట్టేస్తారు, లేదా ఫోన్ హాట్‌స్పాట్‌తో తంటాలు పడతారు. నిజానికి రూటర్ వెనక నాలుగు ల్యాన్ రంధ్రాలు సాధారణంగా ఖాళీగా పడి ఉంటాయి. ఒక ల్యాన్ కేబుల్ కొని ఒక కొస అక్కడ, ఇంకో కొస కంప్యూటర్ వెనక గుచ్చితే చాలు. చిరునామా రూటరే ఇస్తుంది, పాస్‌వర్డ్ కూడా అడగదు. ఈ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, ఇల్లు దాటి వాకిట్లోని కిరాణం కొట్టుదాకా లాక్కోవచ్చు. వైఫై కన్నా నిలకడ ఎక్కువ, వర్షమొచ్చినా గోడలున్నా తేడా రాదు. పరీక్ష రాసే పిల్లకు, మీసేవ నడిపే యువకుడికి, ఇంటి నుంచి కొలువు చేసేవాళ్లకు తీగే మేలు. అయితే కంప్యూటర్ తగిలించిన రోజే దాని ఆరోగ్యమూ చూడాలి. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేది అదే. రక్షణలేని యంత్రాన్ని రక్షణలేని రూటర్‌కు తగిలిస్తే పై పేరాల్లో చెప్పిన ప్రమాదం రెండింతలవుతుంది. చాలా పాత యంత్రాలకు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోవడం మంచి దారి. కేరళ సర్కారు బడులు ఏళ్లుగా దాని మీదే నడుస్తున్నాయి.

ఒక ముఖ్యమైన పాఠం చెడిపోయినప్పటి సంగతి. ఫైబర్ పెట్టె మీద లాస్ అని రాసి ఉన్న చిన్న లైటు ఎర్రగా వెలిగిందంటే వెలుగు సిగ్నల్ ఇంటిదాకా రావడం లేదని అర్థం. కేబుల్ తెగిందో, ఎలుక కొరికిందో, గోడ మూలన మరీ మడతపడిందో అయి ఉంటుంది. ఆ పని కంపెనీది, ఫోన్ చేయాల్సిందే. ఎర్ర లైటు లేకుండా నెట్ రాకపోతే ముందు చూడాల్సింది ఇంట్లో. పెట్టెను ఆపి అర నిమిషం ఆగి మళ్లీ వేయడం, ల్యాన్ తీగతో కంప్యూటర్‌కు వస్తోందో లేదో చూడడం. తీగతో వచ్చి వైఫైలో రాకపోతే తప్పు వైఫైదే, లైనుది కాదు. ఈ తేడా తెలిసిన ఇల్లు టెక్నీషియన్ కోసం మూడు రోజులు ఎదురుచూడదు, కంపెనీకీ అనవసరపు తిరుగుడు తప్పుతుంది. కరెంటు సంగతీ చెప్పాలి. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ కరెంటు పోయినా పలికేది, ఎందుకంటే దానికి కావలసిన విద్యుత్తు రాగి తీగలోనే ఎక్స్ఛేంజి నుంచి వచ్చేది. గాజు ఫైబర్ వెలుగునే మోస్తుంది, విద్యుత్తును మోయదు. గాలివానకు లైను పడిపోతే పెట్టె కూడా ఆరిపోతుంది. ఎక్కువ రూటర్లు 12 వోల్టులతో నడిచేవే కాబట్టి అరచేతిలో పట్టే చిన్న యూపీఎస్ గంటల కొద్దీ నిలబెడుతుంది. ఆపదలోనే నెట్ కావలసిన ఇళ్లకు ఈ ముక్క ముందే చెప్పాలి.

ఇక అభ్యంతరాలు. మొదటిది, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, 2016లో జియో వచ్చినప్పటి నుంచి డేటా చవకైంది, ఇంకా ఈ పెట్టెలూ తీగలూ ఎందుకు అని. ఫోన్ చేసిన మేలును కాదనలేం. కానీ ఫోన్ ప్రధానంగా చూడడానికి, వినడానికి, పంపడానికి పనికొచ్చే పరికరం. దరఖాస్తు నింపడం, పత్రాలు స్కాన్ చేసి జతపరచడం, లెక్కల పట్టిక వేయడం, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం, పేజీల కొద్దీ తెలుగు టైపు చేయడం పెద్ద తెర, కీబోర్డు ఉంటేనే చేతనవుతాయి. భూమి రికార్డులు ధరణిలోకి వెళ్లి, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతిలోకి మారాయి. డిగ్రీ అడ్మిషన్లు దోస్త్‌లో, స్కాలర్‌షిప్‌లు ఈ-పాస్‌లో. సర్కారే పనులన్నీ కంప్యూటర్ మీదికి ఎక్కించాక, ఫోన్ చాలు అనడం పల్లెవాళ్లను ఎప్పటికీ మీసేవ క్యూలో నిలబెట్టడమే. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పట్టణ ఇళ్లలో 23.4 శాతానికి కంప్యూటర్ ఉంటే, పల్లె ఇళ్లలో 4.4 శాతానికే ఉంది. ఈ అంకె చూపించి పల్లెలో కంప్యూటర్లే లేవు, తగిలించే పాఠం ఎవరికి అని అడిగేవాళ్లున్నారు. నేను దాన్ని తిరగేసి చదువుతాను. కొన్నాక వాడుకోగలమన్న నమ్మకం లేని వస్తువు మీద పేద ఇల్లు వేల రూపాయలు పెట్టదు. తగిలించి, నడిపి, చెడితే సరిచేసుకునే ధైర్యం వచ్చాకే కంప్యూటర్ కొనడం మొదలవుతుంది.

రెండో అభ్యంతరం మర్యాదగా వినిపిస్తుంది కానీ లోపల చిన్నచూపు ఉంటుంది. పల్లె జనానికి ఇవన్నీ ఎక్కుతాయా అని. సిద్దిపేట జిల్లా రైతు బోరు మోటారు స్టార్టరు విప్పి కాంటాక్టులు శుభ్రం చేస్తాడు, మూడు ఫేజుల్లో ఏది పోయిందో టెస్టరుతో పట్టుకుంటాడు, డ్రిప్పు ఫిల్టరు కడుగుతాడు, కెపాసిటరు మారుస్తాడు. ఈ పనులు ఎవరూ పుస్తకంలో నేర్పలేదు. చెడితే పంట పోతుందన్న అవసరం నేర్పింది, పక్క చేనువాడు చేసి చూపించాడు. రూటర్ అంతకన్నా సులువు, షాకు కూడా కొట్టదు. లోటు తెలివిలో లేదు, నేర్పే ఏర్పాటులో ఉంది. 2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 2024 మార్చిలో ముగిసేనాటికి ఆరు కోట్ల మందికి పైగా 20 గంటల శిక్షణ ఇచ్చింది. అది చిన్న పనేమీ కాదు. కానీ ఆ పాఠాల్లో బరువు పరికరం వాడకం మీద, చెల్లింపుల మీద పడింది, ఇంట్లో నెట్‌వర్క్‌ను చూసుకోవడం మీద పడలేదు. కేరళలో 2018లో మొదలైన లిటిల్ కైట్స్ బడి క్లబ్బులు ఇంకో దారి చూపాయి. హైస్కూలు పిల్లలకు హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ నేర్పి, వాళ్ల చేత తల్లులకు సైబర్ భద్రత పాఠాలు చెప్పించారు. మనకు ఊరూరా మహిళా సంఘాలున్నాయి, నెలనెలా కూర్చుని లెక్కలు చూసుకునే అలవాటుంది. సంఘానికి ఇద్దరు ఆడవాళ్లకు ఈ పని నేర్పి, ఇంటికింత అని రుసుము ఇస్తే, ఊళ్లోనే కొలువు పుడుతుంది, పట్నం టెక్నీషియన్ కోసం చూడాల్సిన పనీ తగ్గుతుంది. ఇంట్లో రూటర్ పక్కన రోజంతా ఉండేది కూడా ఎక్కువగా వాళ్లే. కనెక్షన్ మగవాళ్ల పేరు మీద, పాస్‌వర్డ్ మగవాళ్ల ఫోన్‌లో అన్న పద్ధతి మారడానికి అది మొదలవుతుంది.

మూడోది కంపెనీల అభ్యంతరం. దాన్ని తేలిగ్గా తీసేయలేం. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇస్తే తెలియక ఏవో మార్చి నెట్ పోగొట్టుకుంటారు, మాకు ఫిర్యాదులు పెరుగుతాయి అంటారు. నిజమే, అలా జరుగుతుంది. అందుకే ఎన్నో రూటర్లలో ఇప్పటికే రెండు అంచెల ఖాతాలుంటాయి. లైనుకు సంబంధించిన సెట్టింగ్‌లు కంపెనీ ఖాతాలో ఉంచుకుని, వైఫై పేరు, పాస్‌వర్డ్, చేరినవాళ్ల జాబితా, అతిథుల నెట్‌వర్క్, పిల్లల సమయాలు ఇంటివాళ్ల ఖాతాలో ఇస్తే సరిపోతుంది. చెడగొట్టుకున్నా కంపెనీ తన చోటు నుంచే సరిచేసే సాంకేతిక పద్ధతులు ఏళ్లుగా ఉన్నాయి. తాళం దాచుకోవడం భద్రత కోసమే అన్న వాదన అయితే అసలు నిలవదు, ఎందుకంటే ఆ దాచిన తాళం ఊరంతటికీ ఒకటే అయిన చోట, ఒక ఇంటిది బయటపడితే అన్ని ఇళ్లవీ బయటపడ్డట్టే. ఇతర దేశాలు ఈ మాట చట్టంలో రాశాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2020 జనవరి 1 నుంచి, బయటి నుంచి లాగిన్ కాగల నెట్ పరికరం ఒక్కోదానికీ వేర్వేరు పాస్‌వర్డ్ ఉండాలని, లేదా మొదటిసారి వాడేటప్పుడే కొత్తది పెట్టించాలని నియమం తెచ్చింది. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే పాస్‌వర్డ్‌తో పరికరాలు అమ్మడాన్ని నిషేధించింది, ఎంతకాలం భద్రతా అప్‌డేట్లు ఇస్తారో కొనేముందే చెప్పాలంది. ఆ దేశాల్లో కంపెనీలు దివాలా తీయలేదు. మన దగ్గర కోట్లాది కొత్త రూటర్లు ఇళ్లకు చేరబోతున్న ఈ సమయంలోనే ఆ నియమం పెడితే ఖర్చు తక్కువ. చేరాక మార్చాలంటే ఇంటింటికీ మళ్లీ తిరగాలి.

వైఫై పాస్‌వర్డ్ ఇరుగుపొరుగుతో పంచుకోవడం గురించి ఒక మాట. పట్నం నిపుణులు దాన్ని అజ్ఞానం అంటారు. నాకు అలా అనిపించదు. నీళ్లు, మజ్జిగ, కరివేపాకు పంచుకునే వాడలో పరీక్ష ఫలితాల రోజు పక్కింటి పిల్లకు నెట్ ఇవ్వకపోవడమే వింత. ఆ మంచితనాన్ని చంపకుండా ఇంటిని కాపాడే ఏర్పాటు రూటర్‌లోనే ఉంది. అతిథుల నెట్‌వర్క్ అని వేరే పేరుతో ఇంకో వైఫై తెరవచ్చు. అందులో చేరినవాళ్లకు నెట్ వస్తుంది, ఇంటి కంప్యూటర్, ప్రింటరు, కెమెరా మాత్రం కనపడవు. పండగ అయ్యాక ఒక్క మీటతో ఆపేయవచ్చు. అయితే పంచుకున్నవాళ్లు ఏం చేసినా జాడ కనెక్షన్ పేరు మీదికే వస్తుందన్న సంగతి ఇది కూడా మార్చదు, కాబట్టి ముఖం తెలిసినవాళ్లకే ఇవ్వాలి. కొట్టు ముందు కూర్చునే అందరికీ ఇవ్వాలనుకునేవాళ్ల కోసం 2020 డిసెంబరులో కేంద్రం పీఎం-వాణి అనే పద్ధతి తెచ్చింది. చిన్న దుకాణదారు కూడా లైసెన్సు లేకుండా, వాడినవాళ్ల గుర్తింపు నమోదయ్యేలా వైఫై అందించవచ్చు.

ఇప్పుడు ఎవరు ఏం చేయాలన్నది. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్‌తో సహా కొన్ని ఊళ్లలో ఇళ్లకు సేవలు మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2016 చివర్లో కోనసీమలోని మోరి గ్రామంతో మొదలై, టీవీ, ఫోను, నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇస్తానని దేశం దృష్టిని లాగింది. కేంద్రం 2011లో మొదలుపెట్టిన పంచాయతీ ఫైబర్ పథకమే భారత్‌నెట్‌గా మారి, 2023 ఆగస్టులో 1.39 లక్షల కోట్ల రూపాయలతో ఇళ్లదాకా పోయే కొత్త దశకు అనుమతి పొందింది. ఇంత డబ్బు ఖర్చయ్యే ప్రతి టెండరులో కేబుల్ మందం, గొట్టం లోతు, స్ప్లైసు నష్టం దాకా లెక్కకట్టి రాస్తారు. అదే టెండరులో ఇంకో పేజీ చేర్చమంటున్నాను. ప్రతి పెట్టెకూ వేరే పాస్‌వర్డ్ ఉండాలి. సెట్టింగ్‌ల పేజీ, యాప్ తెలుగులో తెరుచుకోవాలి. ఆ ఇంటి రెండు పాస్‌వర్డ్‌లు, లైట్ల అర్థం, ఫిర్యాదు నంబరు ఉన్న తెలుగు కార్డు పెద్దక్షరాలతో అచ్చువేసి ఇంట్లో ఇవ్వాలి. ఇంట్లో కంప్యూటర్ ఉంటే దాన్ని తగిలించి చూపాలి. ఇంట్లో ఒకరు, వీలైతే ఇద్దరు, తమ చేత్తో వైఫై పాస్‌వర్డ్ మార్చాకే పని పూర్తయినట్టు సంతకం తీసుకోవాలి. టెక్నీషియన్‌కు ఆ అరగంటకు కూలి కట్టివ్వాలి, లేకపోతే ఇదంతా కాగితం మీదే మిగులుతుంది. కార్డు మీద పాస్‌వర్డ్ రాసి ఉంటే దొంగలు చూడరా అని అడగవచ్చు. ఇంట్లోకి వచ్చి కార్డు చదవగల దొంగ వేరు, ఎక్కడో ఖండాంతరంలో కూర్చుని ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో ప్రయత్నించే దొంగ వేరు. మన రూటర్లకు ఉన్న భయం రెండోవాడితో.

ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలంటే నా ఓటు ఎర్రవల్లి, నర్సన్నపేటలకే. ఒకే కొలతతో కట్టిన ఇళ్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒక ఇంట్లో రూటర్ ఎక్కడ పెట్టాలో, కేబుల్ ఏ గోడ నుంచి తేవాలో తేల్చుకుంటే ఆ పటం మిగతా ఇళ్లన్నిటికీ పనికొస్తుంది. రాష్ట్రమంతా కట్టిన డబుల్ బెడ్‌రూం కాలనీలకూ అదే కొద్ది మార్పులతో సరిపోతుంది. ఈ ఊళ్లు ఒక పార్టీ నాయకుడి పేరుతో ముడిపడ్డాయి కాబట్టి ఇప్పటి ప్రభుత్వానికి ఇష్టం ఉండకపోవచ్చని కొందరంటారు. భగీరథ కందకాల్లో ఒక ప్రభుత్వం వేసిన గొట్టాల మీదే ఇంకో ప్రభుత్వం 2024లో ఇళ్లకు నెట్ ఇవ్వగలిగినప్పుడు, ఇళ్ల లోపలి పనికి మాత్రం పార్టీ రంగు ఎందుకు అడ్డొస్తుందో నాకు అర్థం కాదు. జిల్లా కలెక్టర్, టీ-ఫైబర్ అధికారులు, మర్కూక్ మండల మహిళా సమాఖ్య ఒక పూట కూర్చుంటే తొలి కార్డు నమూనా తయారవుతుంది. ఎర్రవల్లి బడిలో పై తరగతుల పిల్లలకు దాన్ని ముందు ఇచ్చి, ఏ వాక్యం అర్థం కాలేదో వాళ్లనే అడిగి, తిరగరాసి, అప్పుడు అచ్చుకు పంపాలి.